డిగ్రీ చేతికొచ్చింది, దారెవరు చూపాలి?

ప్రతి ఏడూ పరీక్షల ఫలితాలు రాగానే మన పేటల్లో ఒక మాట వినపడుతుంది. "మావోడు డిగ్రీ పాసయ్యాడు", "మా పిల్ల బీకాం అయిపోయింది." ఆ మాట చెప్పే తల్లి మొహం చూడాలి. మిరపకాయలు కోసి మంటలెత్తే చేతుల్ని చీర కొంగుకు తుడుచుకుని ఆ మార్కుల కాగితం పట్టుకుంటుంది. ఆమెకి చదవడం రాదు. అయినా తలకిందులుగా పట్టుకోదు. ముద్ర ఎక్కడుందో చూసుకుని సరిగ్గానే పట్టుకుంటుంది. నాలుగు నెలలు పోయాక అదే తల్లి మన ముందుకొచ్చి నిలబడుతుంది. "మాస్టారూ, చదువైతే అయిపోయింది గదా. వీణ్ణి ఇప్పుడు ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి?"

ఈ పక్షం మా సంపాదకీయం ఆ తల్లి అడిగిన ప్రశ్న మీదనే.

"ఎవరి దగ్గరికి" అని అడిగింది చూశారా, అందులోనే అంతా ఉంది. ఊళ్లో పెద్ద కులాల ఇళ్లల్లో ఈ ప్రశ్న పుట్టదు. వాళ్ల పిల్లవాడు ఇంటర్లో ఉండగానే హైదరాబాదులో బాబాయి, బెంగుళూరులో మేనమామ, అమెరికాలో పెద్దనాన్న కొడుకు సిద్ధంగా ఉంటారు. ఏ కోర్సు చదవాలో, ఏ కంపెనీలో ఎవరున్నారో, ఇంటర్వ్యూకి ఏం తొడుక్కుని పోవాలో, ఎంత జీతం అడగాలో అన్నం తింటూ నేర్చుకుంటారు. ఉద్యోగం పేపర్లో పడకముందే వాళ్ల పెళ్లి పందిళ్లలో పడుతుంది. మనవాడికి ఆ ఉద్యోగం ఉందన్న సంగతి, ఆఖరు తేదీ అయిపోయిన మూడోనాడు తెలుస్తుంది. తర్వాత ఇద్దర్నీ ఒకే గీత మీద నిలబెట్టి "ప్రతిభ" కొలుస్తారు.

వృత్తిని ఎంచుకునే మొదటి తరం

మన తాతలకి వృత్తి ఉండేది. కానీ దాన్ని వాళ్లు ఎంచుకోలేదు. చచ్చిన గొడ్డును మోయమన్నారు, మోశారు. తోలు ఊనమన్నారు, ఊనారు. డప్పు కొట్టమన్నారు, చావు కబురు మోయమన్నారు, వెట్టికి రమ్మన్నారు. తోలు ఊనడంలో ఎంత నేర్పుందో ఊనినవాడికే తెలుసు. సున్నం పాలు ఎక్కువైతే తోలు చెడుతుంది, తంగేడు చెక్క పాలు తక్కువైతే కుళ్లుతుంది. కానీ ఆ నేర్పుకి ఊరు గౌరవం ఇవ్వలేదు. కూలి కూడా సరిగా ఇవ్వలేదు. నేర్పు తీసుకుని మనిషిని వెలి వేసింది. పైగా కులవృత్తిని మించింది లేదని చెప్పే శతకాలు మన పిల్లల చేత బళ్లో వల్లె వేయించారు.

అందుకని మన పిల్లలు వృత్తిని పుట్టుకతో తెచ్చుకోకుండా, తమంతట తాము ఎంచుకుంటున్న మొదటి తరం. ఇది చిన్న సంగతి కాదు. వేల ఏళ్ల ఆజ్ఞను తిరగరాయడం ఇది. కానీ ఎంచుకోవాలంటే ముందు ఏమేం ఉన్నాయో కంటికి కనపడాలి గదా? మన పేటలో పిల్లవాడికి కనిపించే ఉద్యోగాలు ఎన్ని? టీచరు, కానిస్టేబులు, నర్సు, గ్రామ సచివాలయం, రైల్వే గ్యాంగ్‌మన్. ఈ ఐదూ తప్పితే చేను. లెక్కలు తనిఖీ చేసేవాడు, మందుల నాణ్యత పరీక్షించేవాడు, భూమి సర్వే చేసేవాడు, బీమా లెక్క కట్టేవాడు, కోర్టులో అనువాదం చేసేవాడు, వీళ్లని ఎప్పుడూ చూడలేదు. చూడనిదాన్ని కోరుకోవడం ఎట్లా?

ముద్ర కొనుక్కున్న ఇంటర్న్‌షిప్

మన ఆంధ్రలో 2020-21 నుంచి డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్పును తప్పనిసరి చేశారు. కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టు రెండు నెలలు, చిన్న ఇంటర్న్‌షిప్ రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టరంతా పని నేర్చుకోవడం, వెరసి పది నెలలు అని అప్పటి పథకం. తర్వాత మార్పులు జరిగినా పని నేర్చుకోవడం చదువులో భాగమన్న మాట మిగిలింది. కాగితం మీద మంచి ఆలోచన. మేం దాన్ని తప్పు పట్టడం లేదు. చదువుకీ పనికీ మధ్య గోడ కూల్చాలని మనమూ అంటున్నాం.

కానీ మా ఎరుకలోని ఒక కాలేజీలో ఏం జరిగిందో చూడండి. "ఎక్కడ చేస్తారో మీరే చూసుకుని రండి" అన్నారు. వ్యాపారుల పిల్లలు వాళ్ల బంధువుల ఆడిటరు ఆఫీసుకి పోయారు. మోతుబరి పిల్లలు మేనమామ కంపెనీకి పోయారు. మన పిల్లలు మూడు చోట్ల తిరిగారు. ఒక చోట "ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్లో ఎక్కడ?" అని అడిగి, "ఖాళీ లేదులే అమ్మా" అన్నారు. చివరికి బస్టాండు పక్కన ఒక కంప్యూటరు సెంటరు వాడు పదిహేను వందలు తీసుకుని ముద్ర వేసిన సర్టిఫికెట్టు ఇచ్చాడు. ఆ నెలలన్నీ మన పిల్లలు మిరప కోతలకు, పొగాకు బ్యారన్లకు పోయారు. కాలేజీకి కాగితం అందింది, రిజిస్టరు నిండింది. అందరూ క్షేమం.

ఏడాది తర్వాత వాళ్లలో ఒక అమ్మాయి విజయవాడలో ఒక ప్రైవేటు ఆఫీసుకి ఇంటర్వ్యూకి పోయింది. బీకాంలో మంచి మార్కులున్న పిల్ల. "నీ ఇంటర్న్‌షిప్‌లో ఏం చేశావు?" అని అడిగారు. నోట మాట రాలేదు. తర్వాత "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగారు. తల దించుకుంది. తిరిగొచ్చి మాతో ఒకటే మాట అంది. "మొదటి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు మాస్టారూ. రెండో ప్రశ్నకి జవాబుంది, చెప్పలేకపోయా." ఇప్పుడా పిల్ల టౌన్లో బట్టల కొట్లో పన్నెండు గంటలు నిలబడుతోంది.

ఆ రెండు ప్రశ్నలకీ మన పిల్లల్ని సిద్ధం చేయకపోవడం ఆ పిల్ల తప్పు కాదు. కాలేజీ తప్పు, సర్కారు తప్పు, మన తప్పు కూడా.

"మీ నాన్నగారు ఏం చేస్తారు?"

ఇది ఊసుపోక అడిగే ప్రశ్న అనుకోకండి. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007లో అచ్చువేసిన పరిశోధనలో కంపెనీల్లో మనుషుల్ని తీసుకునే అధికారులతో మాట్లాడారు. మేం ప్రతిభే చూస్తాం అన్న నోటితోనే కుటుంబ నేపథ్యం ముఖ్యమని ఆ అధికారులు చెప్పారు. అదే ఏడు సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ఇంకో పరీక్ష బయటపెట్టారు. పేపర్లలో పడిన ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్న దరఖాస్తులు పంపారు. తేడా అంతా పేరులోనే. అగ్రకులం పేరుకు వచ్చే పిలుపులతో పోల్చితే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే అని తేలింది. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతే. మనిషిని చూడలేదు, మాట వినలేదు. పేరు చూసి పక్కన పెట్టారు. దీన్ని ప్రతిభ అందామా?

ప్రైవేటు ఉద్యోగాల్లో మనకి రిజర్వేషన్ చట్టం ఇవాళ్టికీ లేదు. సర్కారు ఉద్యోగాలు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పేరుతో చేతుల్లోంచి జారిపోతున్నాయి. కాబట్టి ఆ చట్టం కోసం కొట్లాట ఆపకూడదు. ఆ చట్టం వచ్చేదాకా మన పిల్లలు ఊరకుండనూ కూడదు. రెండూ ఒక్కసారే నడవాలి.

పెద్ద చదువు చదివితే ఈ బాధ తీరుతుందనుకునేవాళ్లు బాబాసాహెబ్ బతుకు గుర్తు తెచ్చుకోవాలి. కొలంబియాలో చదివొచ్చిన అంబేద్కర్ 1917లో బరోడా కొలువులో చేరితే ఉండడానికి ఇల్లు దొరకలేదు. ఆఫీసులో జవాన్లు ఫైళ్లు దూరం నుంచి విసిరేవాళ్లు. 1918లో బొంబాయి సిడెనహామ్ కాలేజీలో ప్రొఫెసరైతే, ఉమ్మడి కుండలో నీళ్లు తాగొద్దని తోటి అధ్యాపకులు అభ్యంతరం పెట్టారు. 1923లో బారిస్టరుగా కోర్టు గడప తొక్కితే కేసులిచ్చేవాళ్లు కరువయ్యారు. అయినా ఆయన వృత్తిని వదల్లేదు, కులం సంగతి దాచిపెట్టనూ లేదు. లాయరు, అధ్యాపకుడు, ఆర్థికవేత్త, అంటరానివాళ్ల నాయకుడు, అన్నీ ఒకే మనిషి. మన పిల్లలకి చెప్పాల్సిన పాఠం ఇదే. ఉద్యోగస్తుడు ఒకడు, పేటవాడు ఇంకొకడుగా చీలిపోవద్దు.

ఆయన తను ఎక్కి నిచ్చెన లాగేసుకోలేదు. వైస్రాయి కౌన్సిల్లో ఉండగా ఆయన పట్టుబట్టడం వల్లే 1944లో ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, 1946లో సిద్ధార్థ కాలేజీ పెట్టాడు. చివరి ఏడు, 1956 మార్చిలో ఆగ్రాలో, చదువుకున్నవాళ్లే తనని మోసం చేశారని బాధపడ్డాడు. ఆ మాట తగలాల్సింది ఎవరికి? ఇప్పుడు జీతాలు తీసుకుంటున్న మనకి.

మన లోపం మనమే చెప్పుకుందాం

1985 కారంచేడు తర్వాత, 1991 చుండూరు తర్వాత లేచిన ఉద్యమంలో విద్యార్థులు ముందు నడిచారు. సభకు జనం కావాలంటే హాస్టలుకి కబురు పెట్టాం. పోస్టర్లు అంటించాలంటే వాళ్లే. జెండాలు మోయాలంటే వాళ్లే. ఏప్రిల్ 14కి వేదిక కట్టాలంటే వాళ్లే. వాళ్లు ఇష్టంగానే చేశారు. కానీ ఒక్కసారైనా పక్కన కూర్చోబెట్టి "తమ్ముడూ, నీ చదువేంటి? ఏం కావాలనుకుంటున్నావు? ఎక్కడ ఆగిపోయావు?" అని అడిగామా? అడగలేదు. చదవండి, పోరాడండి అన్నాం. చదివాక ఏంటో చెప్పలేదు.

మనలో కొందరు అంటారు: "ఇది ఉద్యమ పత్రికా, ఉద్యోగాల ఏజెన్సీనా? కొలువుల యావలో పడితే పోరాటం ఎవరు చేస్తారు?" ఈ మాటని మేం కొట్టి పారేయడం లేదు. ఉద్యోగం వచ్చాక పేట దారి మరిచినవాళ్లని మనమంతా చూశాం. కానీ ఆ మాట ఎవరితో అంటున్నామో చూసుకోవాలి. కూలికి పోయే తల్లి పదిహేనేళ్లు కడుపు కట్టుకుని చదివించిన పిల్లవాడితో "కొలువు యావ" అనడానికి మనకి నోరెట్లా వస్తుంది? ఆకలితో ఉన్నవాడు దొర చేలోకి పోక తప్పదు. దొర చేలో కూలికి పోయేవాడు దొర మీద సాక్ష్యం చెప్పడానికి ఎంత జంకుతాడో కేసులు నడిపిన మనకి తెలుసు. సొంత కాళ్ల మీద నిలబడ్డ ఇల్లు పేటలో నాలుగుంటే పేటకి వెన్నెముక ఉన్నట్టు. ఉద్యోగం ఉద్యమానికి శత్రువు కాదు. మరిచిపోవడమే శత్రువు.

ఏం చేయాలి?

డబ్బు లేకుండా, సర్కారు కోసం చూడకుండా రేపే మొదలుపెట్టగలిగేవి కొన్ని చెబుతున్నాం.

ఒకటి. ప్రతి పేటలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒక వైపు, ఇంటర్ దాటిన ప్రతి పిల్లా పిల్లవాడూ ఏం చదువుతున్నారు, ఎన్నో ఏడు. రెండో వైపు, మన పేటవాళ్లు ఎవరెవరు ఏ ఊళ్లో ఏ పని చేస్తున్నారు. బ్యాంకు గుమాస్తా అయినా, బస్సు డ్రైవరైనా, గల్ఫులో ఎలక్ట్రీషియనైనా రాయండి. పెద్ద కులాలకి బంధుత్వమే పుస్తకం. మనకి ఈ పుస్తకమే బంధుత్వం.

రెండు. నెలకొక ఆదివారం అంబేద్కర్ భవనంలోనో, చర్చి వరండాలోనో, బళ్లోనో కూర్చోండి. ఉద్యోగం చేసే ఒక మనిషిని పిలవండి. ఉపన్యాసం వద్దు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం పని చేస్తారో, ఆ పనిలోకి ఎట్లా వచ్చారో, ఎక్కడ అవమానపడ్డారో చెప్పమనండి. తర్వాత ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ ఆడించండి. మొదటిసారి నోరు తడబడటం మన మధ్య జరిగితే, ఆఫీసులో జరగదు.

మూడు. ఇంటర్న్‌షిప్పు ముద్రలు కొనొద్దు. ఊళ్లో సహకార సంఘం, గ్రామ సచివాలయం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, టౌన్లో మన లాయర్లు, మన ఉద్యోగుల ఆఫీసులు, వీటిని అడగండి. ఎస్సీ ఉద్యోగుల సంఘాలకి మా వినతి: ఒక్కో సభ్యుడు ఏడాదికి ఇద్దరు పిల్లల పూచీ తీసుకోండి. పిల్లలు కూడా ఆ నెలల్లో రోజూ చేసిన పని రెండు వరుసలు రాసుకోవాలి. "ఏం చేశావు?" అన్న ప్రశ్నకి ఆ పుస్తకమే జవాబు.

నాలుగు. కాగితాలు సరిచూసుకోండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, కులం సర్టిఫికెట్టులో పేరు, పుట్టిన తేదీ ఒకటేనా? ఒక అక్షరం తేడాకి చేతికొచ్చిన ఉద్యోగం ఆగిన పిల్లలు మాకు తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని సర్టిఫికెట్లు బిగబట్టే కాలేజీలున్నాయి. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫై చేసింది. ఒక్కడే పోయి బతిమాలొద్దు. పదిమంది కలిసి, రాతపూర్వకంగా అడగండి.

ఐదు. మన హక్కుల్ని వాడుకోండి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకి ఎస్సీలకు, ఆడవాళ్లకు ఫీజు లేదు. కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీలకు 15 శాతం, వయసులో ఐదేళ్ల సడలింపు ఉన్నాయి. రైల్వే పరీక్షలకి పిలుపు వచ్చిన ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు స్లీపరు క్లాసు ఉచిత పాసు ఇస్తారు. ఛార్జీల్లేక పరీక్ష మానుకున్న పిల్లవాడు మా దగ్గరే ఉన్నాడు. పాసు సంగతి వాడికి చెప్పినవాడు లేడు. 1961 అప్రెంటిస్ చట్టంలో ట్రేడుల శిక్షణ సీట్లలో ఎస్సీ, ఎస్టీలకు వాటా ఉంది. ఐటీఐ పిల్లలు ఎంతమందికి ఇది తెలుసు?

సర్కారునీ కాలేజీలనీ మనం అడగాల్సింది కూడా ఉంది. ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అన్నప్పుడు చోటు చూపించడం కాలేజీ బాధ్యత. ఎవరి పిల్లలు ఎక్కడికి పోయారో జాబితా నోటీసు బోర్డు మీద పెట్టాలి. సర్కారు డిగ్రీ కాలేజీల్లోని జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ఊరికే బోర్డులై మిగలకూడదు. దూరాన పని నేర్చుకునే పిల్లలకు హాస్టలు వసతి కొనసాగించాలి. ఇవి దయాధర్మం కింద అడిగేవి కావు.

ఇంకొక మాట. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దాని మీద మనలో వాదాలున్నాయి, ఉంటాయి. వాటా ఎట్లా పంచుకోవాలన్నది ఒకటి. ఆ వాటా అందుకునేలా పిల్లల్ని నిలబెట్టడం ఇంకొకటి. ఆదివారం ఆ వరండాలో మాల పిల్ల, మాదిగ పిల్లవాడు, రెల్లి పిల్ల ఒకే బల్ల మీద కూర్చోవాలి. అందరికంటే వెనక ఉన్న ఇంటి తలుపే ముందు తట్టాలి.

తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ

ఆఖరుగా మీతో. ఆఫీసులో కులం చెప్పాలా వద్దా అని చాలామంది మమ్మల్ని అడుగుతారు. కొందరు ఇంటిపేరు మింగేస్తారు. కొందరు అడ్రసులో అంబేద్కర్ నగర్ కొట్టేసి మెయిన్ రోడ్డు అని రాస్తారు. వాళ్లని మేం తప్పు పట్టం. ఎక్కడ చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మీ బతుకు మీది, మీరే తేల్చుకోండి. కానీ బయట దాచినా లోపల సిగ్గుపడొద్దు. సిగ్గుపడాల్సింది అడిగినవాడు.

"మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే, "వ్యవసాయ కూలీ అండీ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను" అని కళ్లల్లో చూసి చెప్పండి. అది లోటు కాదు. మీరు నడిచొచ్చిన దూరం. ఆ దూరం నడిచినవాళ్లకి పని నేర్చుకోవడం ఒక లెక్కా?

బట్టల కొట్లో నిలబడుతున్న ఆ చెల్లెలి సంగతి. పోయిన ఆదివారం మొదటి కూటమికి వచ్చింది. టౌన్లో లెక్కలు రాసే మన మనిషి ఒకాయన రోజూ సాయంత్రం రెండు గంటలు పని నేర్పుతానని ఒప్పుకున్నాడు. ఉద్యోగం వచ్చిందని చెప్పడం లేదు. ఇంకా రాలేదు. ఎవరి దగ్గరికి పోవాలన్న ప్రశ్నకి మాత్రం పేటలో ఒక జవాబు దొరికింది. ఆ జవాబు ప్రతి పేటలో ఉండాలి. మీ పేట పుస్తకంలో మొదటి పేరు ఎవరిదో రాసి, మాకు కార్డు ముక్క వేయండి.

జై భీమ్.